గేటు దగ్గర ప్రశ్నకు జవాబు చెప్పేదెవరు?

గార్డు పెట్టె వెళ్లిపోతే రైలు అయిపోయినట్టే. ఈ సంగతి బడికి పోయే పిల్లవాడికి కూడా తెలుసు. అందుకే గేటు దగ్గర నిలబడినవారు గార్డు పెట్టె కనబడగానే మోటారు సైకిలు స్టార్టు చేస్తారు. లారీ క్లీనరు పైకెక్కి కూర్చుంటాడు. చుట్ట కాలుస్తున్న పెద్దమనిషి దానిని ఆర్పి చెవి సందున పెట్టుకుంటాడు. అయితే కొన్ని రైళ్ల విషయంలో ఈ లెక్క కుదరడం లేదు. గార్డు పెట్టె పోయిన వెంటనే మళ్లీ కరెంటు ఇంజను వస్తుంది. దాని వెనుక మళ్లీ యాభై తొమ్మిది పెట్టెలు వస్తాయి. అవి అయిపోయినవి గదా అనుకునేసరికి ఇంకొక ఇంజను. స్టార్టు చేసిన బండ్లన్నీ తిరిగి ఆపుకోవలసి వస్తుంది.

నిడదవోలు నుంచి తుని దాకా పట్టాల పక్కన వున్న గ్రామాలవారికి రైలు కొత్త కాదు. చాగల్లు, పశివేదల, కడియం, ద్వారపూడి, బిక్కవోలు, గొల్లప్రోలు ప్రాంతాలలో పొలం పని చేసుకునేవారు చేతికి గడియారం లేకపోయినా ఫలానా బండి వెళ్లిందంటే అన్నాల వేళ అయిందని చెప్పగలరు. బొగ్గు బండి ఏదో, ఎరువుల బండి ఏదో, ఆయిలు ట్యాంకుల బండి ఏదో కళ్లు మూసుకుని చప్పుడును బట్టి చెప్పేవారున్నారు. అటువంటివారినే తికమక పెట్టిన రైలంటే దానిలో ఏదో విశేషం వుండి తీరాలి.

ఇటువంటి బండి వెళ్లిన రోజున గేటు పక్క టీ బడ్డీ దగ్గర జరిగే వాదన వినవలసినదే. ఇంజను చెడిపోతే వెనుక నుంచి ఇంకొక బండి వచ్చి నెట్టుకుపోతున్నదని ఒకరంటారు. కాదు, మిలిటరీ సామాను రహస్యంగా పోతున్నదని ఇంకొకరు. డ్రైవర్లు చాలక మూడు బండ్లూ కలిపి కట్టేసి ఉంటారని మూడవ మనిషి అంటాడు. అందరూ నవ్వుతారు. గేటుమాన్‌ను అడిగితే, "స్టేషను నుంచి ప్రైవేటు నంబరు ఇచ్చారు, గేటు వేశాను, అంతకు మించి నాకేమీ తెలియదు" అని అతడు ఉన్నమాట చెబుతాడు. స్టేషనుకు వెళ్లి అడగడానికి అందరికీ మొహమాటం. అడిగితే "నీకెందుకయ్యా" అంటారేమోనని భయం. చివరకు ఎవరికి తోచింది వారు నమ్మి ఇళ్లకు పోతారు.

విశేషమేమిటంటే, అందరూ నవ్వుకున్న ఆ మూడవ మాటే నిజానికి చాలా దగ్గర.

2021వ సంవత్సరం అక్టోబర్ 7వ తేదీన దక్షిణ మధ్య రైల్వే మొదటిసారిగా మూడు గూడ్సు బండ్లను ఒకటిగా కలిపి నడిపింది. దానికి "త్రిశూల్" అని పేరు పెట్టింది. మొత్తం 177 పెట్టెలు. విజయవాడ డివిజనులోని కొండపల్లి స్టేషనులో బయలుదేరి తూర్పు కోస్తా రైల్వేలోని ఖుర్దా డివిజనుకు పోయింది. ఒరిస్సా వైపు పోయే ఏ బండి అయినా నిడదవోలు, రాజమండ్రి, సామర్లకోట, తుని మీదుగా పోవలసినదే. అంటే గోదావరి జిల్లాల నడిబొడ్డున ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆ బండి ప్రయాణం చేసింది. ఆ మరునాడు, 8వ తేదీన, రాయచూరు నుంచి మణుగూరుకు అటువంటిదే ఇంకొక బండిని "గరుడ" అనే పేరుతో పంపారు. రెండింటిలోనూ వున్నవి ఖాళీ పెట్టెలే. థర్మల్ విద్యుత్ కేంద్రాల కోసం బొగ్గు నింపుకురావడానికి అవి గనుల వైపు పోయాయి.

ఒక్కొక్క పెట్టె పదిన్నర మీటర్ల పైచిలుకు వుంటుంది. 177 పెట్టెలకు ఇంజన్లూ గార్డు పెట్టెలూ కలుపుకుంటే రైలు పొడుగు రెండు కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. కొవ్వూరు, రాజమండ్రి మధ్య గోదావరి మీద వున్న వంతెన సుమారు 2.7 కిలోమీటర్లు. ముందు ఇంజను రాజమండ్రి ఒడ్డు సమీపించే వేళకు కొవ్వూరు ఒడ్డున వంతెన మొదలు మాత్రమే ఖాళీ అవుతుంది. మిగిలిన వంతెనంతా ఒకే రైలు. అఖండ గోదావరికి ఈ చివర నుంచి ఆ చివరకు ఇనుప మొలతాడు కట్టినట్టు వుంటుందన్న మాట.

ఆ తరువాత ఇతర రైల్వేలు ఇంకా పెద్దవి నడిపాయి. 2022 ఆగస్టు 15న ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా నుంచి బయలుదేరిన "సూపర్ వాసుకి"కి ఆరు ఇంజన్లు, 295 పెట్టెలు, మూడున్నర కిలోమీటర్ల పొడుగు. 27 వేల టన్నుల బొగ్గు మోసింది. 2025 ఆగస్టులో ఉత్తరాది మొగల్‌సరాయి ప్రాంతంలో నడిపిన "రుద్రాస్త్ర"కు ఏడు ఇంజన్లు, 354 పెట్టెలు, నాలుగున్నర కిలోమీటర్లు. కాబట్టి ఇది ఒకనాటి వింత కాదు. ముందు ముందు ఇంకా చూడవలసి వుంటుంది.

ఖాళీ పెట్టెలకు అన్ని ఇంజన్లు దేనికి? గేటు దగ్గర అందరికంటె ముందు పుట్టే ప్రశ్న ఇదే. ప్రశ్న చాలా సరైనది. ఖాళీ పెట్టె బరువు సుమారు 22 టన్నులు. 177 ఖాళీ పెట్టెలు కలిపినా నాలుగు వేల టన్నులకు అటూ ఇటూగా వుంటాయి. బొగ్గుతో నిండిన ఒకే ఒక మామూలు బండి దానికంటె బరువు. మరి బొగ్గు బండిని ఒక ఇంజనో రెండు ఇంజన్లో లాగుతుండగా, ఈ ఖాళీ బండికి నడుమ నడుమ ఇంజన్లెందుకు? బరువు కోసం కాదు. అక్కడ చేరిన తరువాత బొగ్గు నింపుకుని వెనుకకు వచ్చేటప్పుడు మూడు బండ్లూ విడిపోవలసి వుంటుంది. ఎవరి ఇంజను వారికి అక్కడ కావాలి. రెండవది బ్రేకుల సంగతి. గూడ్సు బండి బ్రేకు పట్టేదీ వదిలేదీ గొట్టంలోని గాలి. రెండు కిలోమీటర్ల గొట్టంలో గాలి ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి వ్యవధి పడుతుంది. ముందు పెట్టెలు ఆగుతుండగా వెనుక పెట్టెలు వచ్చి గుద్దుకుంటే లంకెలు తెగుతాయి. నడుమ ఇంజను వుంటే గాలి అక్కడ నుంచి కూడా అందుతుంది. ఎద్దుల బండ్లను ఒకదాని వెనుక ఒకటి తోలుకుపోయే రోజులలో నడిమి బండివాడు నిద్రపోతే ఏమయ్యేదో పెద్దలకు గుర్తుండే వుంటుంది.

ఇక కలపడం దేనికి అన్నది అసలు కిటుకు. విజయవాడ, విశాఖపట్నాల మధ్య రైళ్ల రద్దీ చెప్పనలవి కాదు. పోవడానికి ఒక లైను, రావడానికి ఒక లైను. మూడు ఖాళీ బండ్లు విడివిడిగా పోవాలంటే మూడు రైళ్లకు చోటు కావాలి. మూటగట్టి పంపితే ఒక్క రైలు చోటు చాలు. సిబ్బంది కూడా తగ్గుతారు. టీ బడ్డీ దగ్గర మూడవ మనిషి అన్నది ఇదే గదా!

ఇందులో కరెంటు ఇంజన్లకే చెందిన చిక్కు ఇంకొకటి వున్నది. పైన వున్న తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఒకే సబ్‌స్టేషను నుంచి రాదు. కొంత దూరానికి ఒక సబ్‌స్టేషను వుంటుంది. ఒకదాని కరెంటు ఇంకొకదాని కరెంటుతో కలవకూడదు. అందుకని రెండింటి నడుమ కొద్ది మీటర్ల మేర కరెంటు లేని తీగ పెడతారు. అక్కడికి అర కిలోమీటరు ముందే పట్టాల పక్కన బోర్డు వుంటుంది. డ్రైవరు స్విచ్చి ఆపి, బండిని వచ్చిన వేగం మీదనే ఆ చోటు దాటించి, మళ్లీ స్విచ్చి వేస్తాడు. ఒక ఇంజను బండికి ఇది రోజూ చేసే పని. రెండు కిలోమీటర్ల బండికి ముందు ఇంజను ఆ చోటు దాటి పోయిన చాలా సేపటికి గాని నడిమి ఇంజను అక్కడికి రాదు. ఒకటి లాగుతుండగా ఇంకొకటి ఊరకుండాలి. తరువాత అది ఊరకుండగా ఇది లాగాలి. నడిమి ఇంజన్లను ముందున్న డ్రైవరే రేడియోతో నడిపే ఏర్పాటు కూడా రైల్వేలో వున్నది. పట్టాల పక్కన నిలబడి చూసేవారికి చప్పుడు ఎక్కి దిగడంలో ఏదో తేడా వినబడుతుంది గాని కారణం తెలియదు.

కారణం తెలుసుకునేవారు కొందరున్నారు. ఊళ్లో వాళ్లని రైలు పిచ్చివాళ్లంటారు. పట్నాలలో రైలు అభిమానులంటారు. ఒక కుర్రవాడు ఇంజను నంబరు పుస్తకంలో రాసుకుంటుంటే చదువు చెడిపోయిందని తల్లిదండ్రులు బెంగపడతారు. అంత బెంగ అవసరం లేదు. ఇంజను మీద వుండే అక్షరాలను వాళ్లు చదివే పద్ధతి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. "డబ్ల్యు ఏ జి 9" అని వుంటే, డబ్ల్యు అంటే బ్రాడ్‌గేజి, ఏ అంటే ఏసీ కరెంటు, జి అంటే గూడ్సు. జి స్థానంలో పి వుంటే అది ప్రయాణికుల బండి లాగే ఇంజను. పక్కన విజయవాడ, కాజీపేట, లాలాగూడ, విశాఖపట్నం అని వుండేది ఆ ఇంజను ఏ షెడ్డుకు చెందినదో చెబుతుంది. ఇంజను నెత్తిమీద చెయ్యి తీగకు ఆనివుంటే పని చేస్తున్నది. ముడుచుకుని వుంటే అది లాగడం లేదు, దానినే లాక్కుపోతున్నారు. రైల్వేవారి భాషలోనే దానిని చచ్చిన ఇంజను అంటారు. గూడ్సు పెట్టె మీద పదకొండు అంకెల నంబరు వుంటుంది. అందులో అయిదవ అంకె, ఆరవ అంకె ఆ పెట్టె తయారైన సంవత్సరం. బళ్లో లెక్కలు చెప్పే మాష్టారు ఒకసారి పిల్లలను గేటు దగ్గరకు తీసుకువెళితే ఒక పూట పాఠం అక్కడే చెప్పవచ్చు.

అరకు లోయవారికి ఒక బండికి మూడు ఇంజన్లు కనబడడం వింత కాదు. కిరండూల్ నుంచి ఇనుప రాయి దించే బండ్లకు ఆ కొండ దారిలో అవి కావాలి. అక్కడ మామూలైనది ఇక్కడ బల్లపరుపు నేల మీద కనబడింది. కాబట్టి పరిశీలించేవాడికి అనుమానం రావడం సహజం. అనుమానం రానివాడే అసలు చూడనట్టు లెక్క.

ఈ పిచ్చి మన దేశంలోనే పుట్టలేదు. లండనులో వాటర్లూ దగ్గర రైల్వే ఆఫీసులో ఇయాన్ అలెన్ అనే కుర్ర గుమాస్తా వుండేవాడు. ఇంజన్ల వివరాలు అడుగుతూ జనం రాసే ఉత్తరాలకు జవాబులు రాసీ రాసీ, ఆ నంబర్లన్నీ కలిపి 1942లో ఒక చిన్న పుస్తకం వేశాడు. పిల్లలు ఎగబడి కొన్నారు. తరువాత ఆ పిల్లలకు ఒక సంఘం పెట్టి, పట్టాల హద్దులోకి అడుగు పెట్టబోమని ప్రతి సభ్యుడి చేత మాట తీసుకున్నాడు. అడిగేవాడిని కసిరి పంపేవారు, జవాబుతో పాటు జాగ్రత్త కూడా చెప్పి పంపేవారు రెండు రకాలు. రెండవ రకం మనిషి మొదటి రకం కంటె రైల్వేకు ఎక్కువ మేలు చేశాడని ఒప్పుకోవాలి.

జాగ్రత్త అనే మాట ఇక్కడ ఊరికే అన్నది కాదు. ఆగివున్న గూడ్సు పెట్టె మీదకు ఎక్కి ఫోటో తీసుకోబోయిన పిల్లలు ఒళ్లంతా కాలి చనిపోయిన వార్తలు పత్రికలలో చూస్తూనే వున్నాము. తీగను ముట్టుకోకపోతే ఫరవాలేదన్నది తప్పు. ఇంటి కరెంటుకు అది వర్తించవచ్చు. 25 వేల వోల్టుల తీగకు మనిషి దగ్గరగా వస్తే చాలు, అది నడుమ గాలిలోనుంచే దూకుతుంది. పెట్టె మీద నిలబడినవాడి తల ఆ తీగకు ఎంత దూరంలో వుంటుందో కింద నిలబడి చూస్తే అర్థమవుతుంది. ఇక పట్టాల మీదకు పోవడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పొడుగు బండ్లతో ఇంకొక ప్రమాదం వున్నది. నడుమ గార్డు పెట్టెను చూసి రైలు అయిపోయిందని కాలిబాట మీద అడుగు ముందుకు వేసేవాడు వుంటాడు. ఆగివున్న బండి ఎంతకూ కదలకపోతే పెట్టెల కింద నుంచి దూరి పోయేవాడు వుంటాడు. ముందు ఇంజను రెండు కిలోమీటర్ల అవతల వుంటుంది. అది కూత వేసినా ఇక్కడికి వినబడదు. బండి కదలబోతున్నదని తెలిసే మార్గం లేదు.

చెప్పవలసినది చెప్పకపోతే వచ్చే నష్టం ఇది. మూడు రైళ్లు కలిపిన బండి ఇవాళ ఈ దారిన పోతుంది, గార్డు పెట్టె చూసి మోసపోవద్దు అని గేటు గది గోడ మీద ఒక అట్ట తగిలిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

గేటు దగ్గర జనం విసుక్కోవడంలో న్యాయమెంత అన్నది కూడా చూడాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతే రెండు కిలోమీటర్ల బండి గేటు దాటడానికి రెండున్నర నిముషాలు పడుతుంది. మామూలు గూడ్సుకు ముప్పాతిక నిముషం. చూడడానికి పెద్ద బండి ఎక్కువ ఆపినట్టు కనబడుతుంది. కాని ఆ మూడూ విడివిడిగా వస్తే గేటు మూడుసార్లు వేయాలి. ప్రతిసారీ రైలు రాకముందే కొన్ని నిముషాలు వేసి వుంచాలి. మొక్కల లోడుతో వున్న ఆటోకు గాని, పాల బిందె పట్టుకున్న మనిషికి గాని, కాన్పు నొప్పులతో వున్న ఆడకూతురికి గాని మూడుసార్లు ఆగడం కంటె ఒకసారి ఆగడమే మేలు. ఈ లెక్క చెబితే జనం విసుక్కోరు. అయితే ఒక షరతు. బండి ఆగకూడదు. మన స్టేషన్ల లూపు లైను పొడుగు ఏడు వందల మీటర్ల చిల్లర. రెండు కిలోమీటర్ల బండిని అందులో పెట్టడానికి వీలు కాదు. సిగ్నలు లేక మెయిను లైను మీద ఆగిందంటే రెండు ఊళ్ల దారులను ఒకేసారి మూసివేసినా మూసివేయవచ్చు. పెద్ద బండిని వదిలేటప్పుడు ముందున్న దారి అంతా ఖాళీగా చూసుకుని వదలడం రైల్వే బాధ్యత. ఈ విషయంలో గ్రామాలవారు గట్టిగా అడగడానికి వెనుకాడనక్కరలేదు.

లూపులో అది పట్టదు కాబట్టి మిగిలిన బండ్లే లూపులోకి తప్పుకోవాలి. మొట్టమొదట తప్పుకునేది పాసింజరు. ఇక్కడే గ్రామీణులకు కడుపు మండేది. 2020 మార్చిలో కరోనా పేరిట పాసింజరు బండ్లు ఆగాయి. తిరిగి వచ్చినప్పుడు చాలా వాటికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి, కనీస ఛార్జీ పది రూపాయల నుంచి ముప్పయి చేశారు. వేగం మాత్రం పాసింజరు వేగమే. 2024 ఫిబ్రవరిలో గాని ఆ ఛార్జీ తిరిగి తగ్గలేదు. అంతకాలం మూడింతలు ఇచ్చి ప్రయాణం చేసినవారు లూపు లైనులో కూర్చుని కిటికీలోనుంచి ఖాళీ పెట్టెలు దడదడా పోవడం చూస్తే ఏమనుకుంటారు? మనుషులను ఆపి ఖాళీ డబ్బాలను పంపుతున్నారనే గదా అనుకుంటారు!

అయితే ఆ డబ్బాలు ఎక్కడికి పోయాయో, ఎందుకు పోయాయో తెలిస్తే అదే ప్రయాణికుడు ఆ మాట అనడు.

2021 అక్టోబరు నెల గుర్తు చేసుకోవాలి. దేశంలోని బొగ్గు విద్యుత్ కేంద్రాలలో చాలా వాటికి నాలుగు రోజుల నిల్వ కూడా లేని రోజులవి. కరోనా సద్దుమణిగి ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారిగా తెరిచారు. గనులలో వాన నీరు నిలిచింది. విదేశపు బొగ్గు ధర మండిపోయింది. త్రిశూల్ నడిచిన మరునాడే, అక్టోబర్ 8న, రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రధానమంత్రికి బొగ్గు రైళ్ల కోసం లేఖ రాశారు. ఆ బండి బయలుదేరిన కొండపల్లికి ఆనుకునే ఇబ్రహీంపట్నంలో డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం వున్నది. 1979లో మొదటి యూనిట్ పని ప్రారంభించిన పాత విజయవాడ థర్మల్ అదే. 2021 నాటికి దాని సామర్థ్యం 1,760 మెగావాట్లు. ఖుర్దా డివిజనులోనే తాల్చేరు బొగ్గు గనులున్నాయి. ఈ కేంద్రానికి చిరకాలంగా బొగ్గు వచ్చే చోట్లలో తాల్చేరు ఒకటి. 177 పెట్టెలు నిండి తిరిగివస్తే పదకొండు పన్నెండు వేల టన్నుల బొగ్గు. ఖాళీ పెట్టెలు ఎంత త్వరగా గని దగ్గరకు చేరితే అంత త్వరగా నిండుతాయి. ఒక పూట ఆలస్యమైతే ఒక పూట బొగ్గు తగ్గుతుంది.

అంటే గేటు దగ్గర రైతు రెండున్నర నిముషాలు ఆగిన ఆ బండి, అతడి బోరు మోటారుకు కరెంటు కోసమే పోయింది. తొమ్మిది గంటల కరెంటు సరిగా వస్తుందో రాదో అని ఆరాటపడే మనిషి, ఆ కరెంటు కోసం పోతున్న బండినే తిట్టుకుంటూ నిలబడ్డాడు. ఎవరూ చెప్పకపోతే అతడికి ఎలా తెలుస్తుంది? విచిత్రమేమిటంటే ఆ బండిని లాగిన ఇంజన్లకు కూడా కరెంటు కావాలి. మన గ్రిడ్‌లో ఎక్కువ భాగం కరెంటు వచ్చేది బొగ్గు నుంచే. బొగ్గు తేవడానికి బొగ్గే కాలాలి. అటువంటి కొరత రోజులలో ఒక రైలు దారి మిగలడం ఎంత పెద్ద విషయమో పొలం మడికి నీరు మళ్లించే వంతు కోసం రాత్రంతా కాపు కాసినవాడికి వేరే చెప్పనక్కరలేదు.

రైల్వే అసలేమీ చెప్పలేదనడం న్యాయం కాదు. త్రిశూల్, గరుడ గురించి సికింద్రాబాదు నుంచి ప్రకటన వెలువడింది. పత్రికలలో వచ్చింది. రైళ్ల ముచ్చట్లు వెదికి చదివేవారు చదివారు. కాని సికింద్రాబాదులో చెప్పినది బిక్కవోలు గేటు దగ్గర చెప్పినట్టు కాదు. పత్రిక చదవనివారు, చదివినా లోపలి పేజీ తిప్పనివారు, తమ కళ్ల ముందు పోయిన బండీ ఆ ప్రకటనలోని బండీ ఒకటేనని పోల్చుకోలేనివారు ఎందరో వుంటారు. బండి ఎక్కడ కనబడిందో అక్కడ చెప్పాలి.

గూడ్సు బండ్ల రాకపోకలు ముందుగా చెప్పడం భద్రతకు మంచిది కాదని రైల్వేవారు అనవచ్చు. ఒప్పుకోవలసిన మాటే. మిలిటరీ బండి సంగతి ఎవరూ అడగడం లేదు. ఫలానా గంటకు వస్తుందని ముందుగా చాటమనీ అడగడం లేదు. వెళ్లిపోయిన తరువాత, మరునాడు ఉదయం, స్టేషను బల్ల మీద రెండు వాక్యాలు రాయవచ్చు. నిన్న ఈ దారిన మూడు బండ్లు కలిపినది పోయింది, పెట్టెలిన్ని, దేనికోసం పోయింది. ఇందులో శత్రువుకు పనికివచ్చే రహస్యమేమీ లేదు. పెట్టెలు ఎలాగూ ఊరందరూ లెక్కపెట్టే వున్నారు.

ఇంతకూ ఊరివారు చూడడం వల్ల రైల్వేకే లాభం. రైలు పోతుంటే స్టేషను మాష్టరు బయటకు వచ్చి పచ్చజెండా పట్టుకుని నిలబడేది మర్యాద కోసం కాదు. పెట్టె కింద ఏదైనా వేలాడుతున్నదా, ఇరుసు కాలుతున్నదా, పొగ వస్తున్నదా చూడడానికి. గేటుమాన్ పని కూడా అదే. కాపలా లేని లెవెల్ క్రాసింగులను బ్రాడ్‌గేజి మీద 2019 జనవరి నాటికి ఎత్తివేశారు. కాపలా వున్న గేట్ల స్థానంలో కూడా పై వంతెనలు, కింద దారులు వస్తున్నాయి. ప్రాణాలు నిలబెట్టే మంచి పని, సందేహం లేదు. కింద దారిలో వానాకాలం మోకాలు లోతు నీరు నిలవడం వేరే సంగతి. కాని గేటు పోయిన చోట రైలును చూసే జత కళ్లు కూడా పోతాయి. అప్పుడు మిగిలేది పొలం గట్టు మీద నిలబడి చూసేవాడే. ఇరుసు దగ్గర నిప్పు రవ్వలు కనబడితే పరుగెత్తి చెప్పేవాడు వాడే. వాడిని ముందునుంచే దొంగను చూసినట్టు చూస్తే ఆ రోజున చెప్పడానికి జంకుతాడు.

కాబట్టి రైల్వే అధికారులు చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. పొడుగు బండ్లు నడిచే లైను మీద గేటు గదుల దగ్గర నడిమి గార్డు పెట్టె సంగతి హెచ్చరిస్తూ తెలుగులో బోర్డు పెట్టాలి. పట్టాల హద్దుకు వెలుపల, ప్లాట్‌ఫారం మీద నిలబడి నంబరు రాసుకునే పిల్లవాడిని కసరకుండా, తీగకు ఎంత దూరంలో వుండాలో చెప్పి పంపాలని సిబ్బందికి చెప్పాలి. ఆ పిల్లవాళ్లు కూడా పెట్టెల మీదకు ఎక్కడం మానుకోవాలి. అన్నిటికంటె ముందు, పాసింజరును లూపులో పెట్టినప్పుడు ఏ బండి కోసం పెట్టారో, ఎంతసేపు పడుతుందో మైకులో చెప్పాలి. "బొగ్గు బండికి దారి ఇస్తున్నాము, ఇరవై నిముషాలు ఆగవలసి వుంటుంది" అంటే పిల్లాపాపలతో వున్న ప్రయాణికుడు దిగి కుళాయి దగ్గర సీసా నింపుకుని వస్తాడు. చెప్పకపోతే ఆ ఇరవై నిముషాలూ ప్రతి కూతకూ లేచి కిటికీలోనుంచి తొంగిచూస్తూనే వుంటాడు.